నాంచారి ఎంచుకున్న పళ్లచక్రం

ఉరుములకొండ కింద గిరివాక అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ ఎగుడుదిగుడు నేల మీద గుర్రాలు నిలవలేవు గనుక జనమంతా తొక్కుడుగుర్రాలెక్కి తిరిగేవారు. రెండు చక్రాలు, కాళ్ల దగ్గర ఒక పళ్లచక్రం, వెనక ఇంకొకటి, ఆ రెంటినీ కలిపే గొలుసు, అంతే బండి. వెనక పళ్లచక్రం పెద్దదైతే ఎంత ఎత్తయినా తేలిగ్గా ఎక్కవచ్చు, కానీ బండి నత్తనడక నడుస్తుంది. చిన్నదైతే తొక్కడానికి తొడలు పీకుతాయి, కానీ పల్లంలో దాన్ని పట్టేవాడుండడు. ఈ ముక్క గుర్తుంచుకోండి పిల్లలూ, మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ కొండ మీదికి గండకేతుడనే రాక్షసుడు వచ్చి చేరాడు. ఏటా ఒక వీరుణ్ణి పందేనికి పిలిచేవాడు.

"శిఖరం నుంచి కిందికి నాతో దిగాలి. ఏ పళ్లచక్రంతో కొండెక్కారో దానితోనే దిగాలి. కిందనున్న గంట ముందు కొట్టినవాడిది గెలుపు, ఓడినవాడు రాయైపోతాడు. ఎవడూ రాకపోతే ఊరి మీద బండలు దొర్లిస్తా" అనేవాడు. తాను మాత్రం ఆకాశంలో ఎగిరి శిఖరం చేరేవాడు, దొంగవెధవ!

గిరివాకలో ఒక పట్టింపు ఉంది. బండి దిగి తోసుకుంటూ ఎత్తెక్కడమంటే తల తీసేసినంత అవమానం. అలా తోసినవాడికి పిల్లనిచ్చేవారు కారు. అందుకే ప్రతి వీరుడూ పెద్ద పళ్లచక్రం బిగించుకుని దర్జాగా తొక్కుతూ శిఖరమెక్కేవాడు. దిగేటప్పుడు కాళ్లు గిర్రున తిరిగేవే గాని, ఆ తొక్కుడుకు బండి వేగం పెరిగేది కాదు. కమ్మరి గరగయ్య కొడుకు సింగన్న కూడా అలాగే ఎక్కాడు, అలాగే ఓడి రాయైపోయాడు.

గండకేతుడు ఆ రాతి తల మీద కాలు పెట్టి నవ్వుతుంటే, సింగన్న చెల్లెలు నాంచారి చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. "నాన్నా! వీణ్ణి మన కొలిమి ముందు పడేసి సుత్తితో కొట్టకపోతే నేను నీ కూతుర్నే కాదు" అని బండెక్కి అడవిలోకి పోయింది.

అడవి నడుమ గుహలో ఒక ముసలి ముని ఉన్నాడు.

"ఏం కావాలమ్మా, వరమా?"

"పగ తీర్చుకోవాలి స్వామీ. దాచడం దేనికి?"

ముని పకపకా నవ్వి తన గడ్డంలోంచి రెండు పళ్లచక్రాలు తీశాడు. ఒకటి గాజంత, ఒకటి ఉంగరమంత. "గండకేతుడు ఒక్కసారి ఓడితే చాలు, వాడే రాయవుతాడు. వాడు రాళ్లు చేసినవాళ్లంతా లేచి వస్తారు. ఈ రెంటిలో నీకేది కావాలో కొండ కింది ఎలుగుబంటి దగ్గర తేల్చుకో" అన్నాడు. నాంచారి అక్కడే ఉంగరమంత చక్రాన్ని బండికి బిగించింది. పగకు తొందరెక్కువ కదా!

ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుని ఉంది. దాని ముందు పెద్ద బురదగుంట.

"ఈ గుంట తొక్కి దాటు పిల్లా. దాటకపోతే నిన్ను తింటా."

నాంచారి గుంటలోకి దిగింది. నడుమకొచ్చేసరికి బండి ఆగింది. బలమంతా పెట్టి తొక్కినా కాలు కిందికి దిగదే! ఎలుగుబంటి పళ్లు చూపించింది. నాంచారి గబగబా బురదలోనే కూర్చుని చక్రం మార్చింది. గాజంత చక్రంతో నిలబడి తొక్కితే బండి మూలుగుతూ మెల్లగా గట్టెక్కింది.

"బతికిపోయావ్! కొండ నడుమ ఇలాంటి గుంటే ఉంది. వేగమొక్కటే చాలదు, ఆగిన బండి మళ్లీ కదలాలి. ఆ గండడు నా తేనెపట్టులన్నీ కాల్చేశాడే అమ్మా, నా తరఫున కూడా వాడికి ఒకటి వెయ్యి" అంది ఎలుగుబంటి.

మరుసటి ఏటి పందెం నాడు ఊరంతా కొండ కింద మూగింది. వీరులు బిగించే పెద్ద చక్రం ముందు గాజంత చక్రమూ చిన్నదే, దానితో ఆ ఎత్తు తొక్కడం ఎవరివల్లా కాదు. నాంచారి చటుక్కున బండి దిగి తోయడం మొదలుపెట్టింది.

"ఛీ ఛీ, తోసుకెళ్తోందర్రా! ఊరి పరువు తీసింది!" అని జనం కేకలేశారు. గరగయ్య తల దించుకున్నాడు.

"పరువు మీరే ఉంచుకోండి. నాకు మా అన్న కావాలి!" అని నాంచారి వెనక్కి చూడకుండా అరిచింది. అవమానం మనసును కోస్తూనే ఉంది. అయినా తోసింది.

శిఖరం మీద గండకేతుడు ఆమె మెడలో తాడుకు కట్టుకున్న ఉంగరమంత చక్రాన్ని చూశాడు.

"అదేమిటే?"

"అన్నిటికంటే వేగమైన చక్రం. దీన్ని తొక్కాలంటే తొడల్లో సత్తువుండాలి. ముసలాడివి, నీకెందుకులే తాతా!"

తాతా అనేసరికి వాడికి ఒళ్లు మండింది. దాన్ని లాక్కుని తన బండికి బిగించుకున్నాడు. ఎక్కిన చక్రంతోనే దిగాలన్న నియమం ఎగిరొచ్చినవాడికి లేదుగా మరి!

పందెం మొదలైంది. గండకేతుడు బాణంలా దూసుకుపోయి గుంటలో దబ్బున పడ్డాడు. ఎంత తొక్కినా బండి కదలలేదు. నాంచారి వచ్చి, నిలబడి తొక్కుతూ వాడి పక్కనుంచే గట్టెక్కింది.

"అమ్మా నాంచారీ, ఒక్క చెయ్యియ్యి తల్లీ!"

"మా అన్న తల మీద కాలు పెట్టినప్పుడు ఏమైందిరా ఈ అమ్మా తల్లీ?" అని నాంచారి గుప్పెడు బురద తీసి వాడి మొహాన కొట్టింది. "ఇది ఎలుగుబంటిది. నాది కింద ఇస్తా!"

గంట మోగింది. గుంటలో ఉన్నవాడు ఉన్నట్టే రాయైపోయాడు. కొండ మీద వాడు రాళ్లు చేసినవాళ్లంతా కదిలి మళ్లీ మనుషులయ్యారు. సింగన్న కళ్లు నులుముకుంటూ దిగివచ్చాడు. కింద జనం మాటలు అప్పటికే అతని చెవిన పడ్డాయి.

"తోసుకెళ్లావటగా, సిగ్గులేదటే?"

"నిన్ను అక్కడే వదిలేస్తే పోయేది!" అంటూ నాంచారి అప్పుడు భోరున ఏడ్చింది.

రాజు ఆమెకు కొండసీమ ఏలుబడి ఇస్తానన్నాడు. "ముందు ఆ రాయి దింపించండి మహారాజా" అంది నాంచారి. ఎద్దులు కట్టి దాన్ని దింపి, కొలిమి ముందు గరగయ్య ఇనుము పెట్టి కొట్టే దాగలి కింద దిమ్మగా పాతారు.

నాంచారి కొండసీమను చల్లగా ఏలింది. ఆమె ఏలుబడిలో ఎత్తొస్తే దిగి తోసేవాళ్లను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కానీ ఎన్ని పనులున్నా పొద్దున్నే కొలిమి దగ్గరకొచ్చి సుత్తి అందుకునేది. ఆ దాగలి మీద మొదటి దెబ్బ రోజూ ఆమెదే.