సాయిదుర్గ తాగని బొండాం

ద్రాక్షారామం స్టాపులో బస్సు ఆగగానే డ్రైవరు తాతాజీ కొబ్బరి బొండాం కొట్టించి కండక్టరు సాయిదుర్గకు అందిస్తాడు. ఆమె వద్దంటుంది. రోజూ ఇదే తంతు.

"దాహం లేదండి."

పెదాలు ఎండి తెల్లబడ్డ మనిషికి దాహం లేదట. తాతాజీ ఆ నీళ్లు తనే తాగి, ముఖం మాడ్చుకుని బండి తీస్తాడు. పెళ్లికాని డ్రైవరు పెళ్లికాని కండక్టరుకు ఊరికే బొండాలు ఇవ్వడని బస్సుపాసు పిల్లలక్కూడా తెలుసు.

ఆ ఆదివారం రామచంద్రపురంలో ఆడ కండక్టర్ల మీటింగు జరిగింది. దేశదేశాల రవాణా కార్మికులందరికీ కలిపి ఓ సంఘం ఉందట. దాని తరఫున ఫిన్నీ అనే యువకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి ఇంగ్లీషు, పైగా బుగ్గన సొట్ట. ఆ సొట్ట అవసరమా అనుకున్నాడు, పిలవకపోయినా వచ్చి హాలు కిటికీ దగ్గర నిలబడిన తాతాజీ.

అంతలో ఫిన్నీ ఓ బొండాం తెచ్చి సాయిదుర్గకిచ్చాడు. ఆమె గటగటా తాగేసింది. ఇంకోటి అడిగి మరీ తాగింది.

తాతాజీ ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆ మంటంతా బ్రేకు మీద చూపించాడు. ద్రాక్షారామంలో బండి దిగనేలేదు.

"ఏంటండీ ఆ తోలడం? ముందు సీట్లో మరిడమ్మగారి గుడ్లబుట్ట కాస్తలో బోర్లాపడేది," అంది సాయిదుర్గ.

"ఫిన్నీగారైతే మెత్తగా తోలేవారేమో."

"ఆయనకి సైకిలు కూడా రాదంటండి."

"అదీ చెప్పేశాడా?"

సాయిదుర్గ అతన్ని ఎగాదిగా చూసి, నవ్వు ఆపుకుంది. "బొండాం గురించేనా ఇదంతా?"

"నేనిస్తే దాహముండదు. ఆయనిస్తే రెండు."

"ఆ హాల్లో బాత్రూం ఉందండి."

తాతాజీకి అర్థం కాలేదు.

"చివరి స్టాపులో మీరు గట్టు చాటుకి వెళ్లొస్తారు. నేనెక్కడికెళ్లాలి? అందుకే డ్యూటీ దిగేదాకా గొంతు తడుపుకోనండి. ఏ దేశంలో ఆడ కండక్టర్లదైనా ఇదే గోలంట. చివరి స్టాపులో బాత్రూం కట్టమని అందరం కలిసి అడుగుతున్నాం."

సిగ్గుతో తాతాజీకి తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అసూయ చావలేదు. "మరి ఆయనకెలా తెలిసింది?"

"డ్యూటీలో నీళ్లెందుకు తాగరని అడిగారండి. మీరు తాగమన్నారు గానీ, ఆ మాట ఎప్పుడూ అడగలేదు."

పై నెలలో ఆడ కండక్టర్లు డ్యూటీ మానేసి డిపో గేటు ముందు ధర్నాకి కూర్చున్నారు. తాతాజీ బస్సులోకి మేనేజరు వేరే కండక్టర్ని ఎక్కించాడు. తాతాజీ ఇంజను స్టార్టు చెయ్యలేదు.

"సస్పెండ్ చేస్తాను," అన్నాడు మేనేజరు.

"చేసుకోండి సార్. నా కండక్టరు గేటు దగ్గర కూర్చుందండి."

ఒక్కొక్కరుగా మిగతా డ్రైవర్లూ ఇంజన్లు ఆపేశారు. గేటు దగ్గర ఫిన్నీ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు కూడా తాతాజీకి నచ్చలేదు.

డిపోవాళ్లు దిగొచ్చి కట్టించారు. చివరి స్టాపులో బాత్రూం తెరిచిన రోజు వాన. ద్రాక్షారామంలో సాయిదుర్గ తనే దిగి, తడుస్తూ రెండు బొండాలు కొట్టించింది. ఒకటి అతనికిచ్చి, తనది చుక్క మిగలకుండా తాగింది.

"ఫిన్నీగారికి శుభలేఖ పంపాలండి," అంది మూతి తుడుచుకుంటూ.

అతని ముఖం మాడింది. "ఎవరి శుభలేఖ?"

"మనదండి. ఇదైనా అడుగుతారా, లేక అడక్కుండానే ఉండిపోతారా?"

తాతాజీ గొంతు సవరించుకుని అడిగాడు. బస్సుపాసు పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు.

"సరేనండి. కానీ ఫిన్నీగారు రావాల్సిందే."

"రానివ్వండి," అన్నాడు తాతాజీ. "బొండాం మాత్రం నేనే ఇస్తాను."