గుమ్మం దాటిన బూట్లు

"ధర బయటికి పొక్కుతోంది టూరే," అంది గూఢచారి విభాగం చీఫ్ హిల్కా, కాఫీ కప్పు దించకుండానే. "రెండు టెండర్లు పోయాయి. ప్రతిసారీ ఆ విదేశీ ముఠా మన ధర ముందే కనిపెట్టి కాస్త తక్కువకి కోట్ చేస్తోంది. ఈ ఐస్‌బ్రేకర్ ఓడల ఆర్డర్ కూడా పోతే మీ ఊరి షిప్‌యార్డ్‌కి తాళమే."

ఎగుమతుల పోటీలో ఫిన్లాండ్ నిలబడాలి అంటూ మంత్రిగారు రేడియోలో రోజూ గొంతు చించుకుంటారు. టూరేకి మాత్రం ఆ గొడవంతా ఆ యార్డులో వెల్డింగ్ చేసే అక్క సైమి ఉద్యోగమే.

"అనుమానం ఎవరి మీద?"

"అందరి మీదా. నా మీద కూడా పెట్టుకో, ఏమనుకోను."

టెండర్ మీటింగ్ జరిగే సరస్సు ఒడ్డు బంగళాలో టూరే సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, పొయ్యి రాజేసే పనివాడి వేషం వేశాడు. గదిలో ధర తేల్చేది ఇద్దరే, యార్డు డైరెక్టర్ కౌకో, బ్యాంకు అధికారి ఇల్మారి. ఇల్మారి మాటిమాటికీ ఫోన్ దగ్గరికి పరిగెత్తుతున్నాడు. వీడేనా దొంగ?

"ఏం బాబాయ్, సౌనా ఇంకెప్పటికి?" కాఫీ ట్రేతో నవ్వింది, ఓడలు కొనే విదేశీయుల కోసం పెట్టుకున్న ఇంటర్‌ప్రెటర్ మిర్యామ్. ఫిన్లాండ్‌లోనే, తంపెరే ఊళ్ళో పుట్టి పెరిగిందట. చూపు తిప్పుకోవడం కష్టమే.

"ఇప్పుడే అంటించానమ్మా. గంట పడుతుంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడు చూశాడు. అందరి బూట్లూ వీధి గుమ్మం దగ్గర చాప మీద ఉన్నాయి. ఆమెవి మాత్రం లోపల, మీటింగ్ గది తలుపు పక్కన. చెక్క నేల మీద కరిగిన మంచు మడుగు కట్టింది.

తంపెరే పిల్ల తడి బూట్లతో ఇంట్లోకి రావడమా! వంగి చూశాడు. బూటు మడమలో సన్నటి రంధ్రం, అందులో మైక్రోఫోన్.

లోపల కౌకో గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇల్మారీ, మన చివరి ధర..."

టూరే తలుపు తోసేశాడు. "సౌనా సిద్ధం!"

ఆ మాట వింటే ఏ ఫిన్లాండ్ వాడైనా మారుమాట్లాడడు. ఇద్దరూ తువ్వాళ్ళు భుజాన వేసుకుని లేచారు.

అసలు ధర సౌనాలో తేలింది. తిరిగొచ్చాక, టూరే అక్కడ చెవిలో చెప్పినట్టే ఆ బూట్ల పక్కన నిలబడి, అంతకంటే బాగా పెద్ద ధర ఒకటి గట్టిగా చెప్పుకున్నారు. మిర్యామ్‌ని అప్పుడు ఎవరూ కదపలేదు, ఆ ధర ముఠాకి చేరాలిగా.

మర్నాడు కవర్లు తెరిచారు. ముఠా ఆ దొంగ ధరకి కాస్త తక్కువ కోట్ చేసింది. మనది దానికంటే ఎంతో తక్కువ. ఆర్డర్ మనదే! సైమి ఫోన్లో ఏడ్చేసింది.

"ఎలా పట్టేశావ్ బాబాయ్?" సంకెళ్ళు చూసుకుంటూ అడిగింది మిర్యామ్.

"తడి బూట్లతో గుమ్మం దాటితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది."

సాయంత్రం హిల్కా పిలిచింది. "శభాష్. కానీ నీ మీద కౌకో గారు ఫిర్యాదు చేశారు."

"ఎందుకు?"

"దేశాన్ని కాపాడావట, సంతోషమేనట. కానీ చల్లటి సౌనాలో కూర్చోబెట్టినందుకు జన్మలో క్షమించరట."