భూమిపట్టీ

ప్రవల్లిక ముంజేతులకు సీసపు కడియాలు బిగించడం అయ్యాక, ఎస్తేరు పియానో కిందికి వంగి భూమిపట్టీ మీటను లోపలికి నెట్టింది. స్ప్రింగులన్నీ ఒక్కసారిగా పట్టుకున్న చప్పుడైంది. ఇక సుత్తులు భూమ్మీద పడినంత వేగంగానే కిందికి పడతాయి.

"అక్కడి పిల్లలు ఇంత బరువు చేతులతోనే పుడతారా టీచర్?" అంది ప్రవల్లిక, కడియాలు ఊపుతూ.

"వాళ్ళకది బరువని తెలీదు. టొకాటా ఎత్తుకో."

కిటికీలో భూమి సగమే వెలిగి ఉంది. ఆ వెలుగులో ఎక్కడో సంగీత కళాశాల ఉంది. చంద్రుడి మీది కాలనీలన్నిటికీ కలిపి అది ఏటా ఇచ్చేది ఒకే ఒక్క సీటు. మధ్యాహ్నం పరీక్షకులు అక్కడినుంచి ప్రవల్లికను వింటారు. ఫ్యూగు, పరుగులు పెట్టే టొకాటా ఎప్పుడో ఖాయమయ్యాయి. మూడో రచన ఏదో ఈ పూటే తేల్చాలి.

టొకాటా పొడుగునా గోడమీది తూనిక దీపం ఆకుపచ్చగా వెలిగింది. పరీక్షకులకు ఏది నచ్చుతుందో ముందే తూచి చెప్పే యంత్రమది. ఇంతవరకూ తప్పలేదు. తప్పకపోవడం వల్లనే ఎస్తేరుకు ఒక అలవాటు పట్టుకుంది. వాయించడం ఆగగానే ఆమె కళ్ళు దీపం వైపు పోతాయి. అది పచ్చగా ఉంటే, తాను విన్నది బాగున్నట్టు తోస్తుంది. ఒకప్పుడు ముందు చెవి, తర్వాత కన్ను. ఆ వరస ఎప్పుడు తిరగబడిందో ఆమెకే తెలియదు.

"బాగుంది," అంది దీపాన్ని చూస్తూ.

"అన్నది మీరా, అదా?"

ఎస్తేరు విననట్టు స్వరాల కాగితం తిప్పింది.

మూడోదానికి తూనిక సూచించింది ఒక చురుకైన వాల్ట్జ్. ప్రవల్లిక మనసు మాత్రం ఒక నాక్టర్న్ మీద ఉంది. తొందరంటే ఏమిటో తెలియని రచన అది. ఎన్నిసార్లు వాయించినా దీపం పసుపు దాటలేదు.

"సీటు కావాలా, నాక్టర్న్ కావాలా?"

"సీటే టీచర్. రాకపోతే మా నాన్న మంచుగనిలో తలెత్తుకోలేడు. వచ్చేసిందని అప్పుడే అందరికీ చెప్పేశాడు."

"పరీక్ష కాకుండానే?"

"మిఠాయిలు కూడా పంచేశాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే ప్రవల్లిక చెయ్యి కిందికి పోయి మీటను లాగేసింది. స్ప్రింగులు వదిలేశాయి. "ఒక్కసారి, దీని సొంత గొంతు ఎలా ఉంటుందో విందాం," అంటూ కడియాలు ఊడదీసి టొకాటా ఎత్తుకుంది. పైకెగిరిన సుత్తులు తీరుబడిగా దిగుతున్నాయి. మళ్ళీ అదే స్వరం కొట్టేసరికి అవి ఇంకా దారిలోనే ఉన్నాయి. సగం స్వరాలను పియానో మింగేసింది.

"పళ్ళూడిన తాత జంతికలు నమిలినట్టుంది!" అంది ఎస్తేరు.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ ప్రవల్లిక నాక్టర్న్ మొదలుపెట్టింది.

తీగల మోతను ఆపే ఉన్ని మెత్తలు కూడా ఇక్కడ మెల్లగానే దిగుతాయి. వేలు తీసినా స్వరం వెంటనే పోవడం లేదు. తర్వాతి స్వరం చెయ్యి అందుకునేదాకా ఆగి, అప్పుడు వెళ్తోంది. ఎస్తేరు పియానో మీదికి వంగి వింది. చివర అలవాటుగా తల తిప్పింది. దీపం తెల్లగా ఉంది. భూమి పియానో కానిదాన్ని తూచడం తూనికకు రాదు.

"మూడోది ఇలాగే వాయిస్తా టీచర్."

"తూకం లేనిదాన్ని నమ్మి సీటు పోగొట్టుకుంటావా?"

"అచ్చం భూమి పిల్లల్లా వాయించేవాళ్ళు భూమ్మీదే బోలెడుమంది ఉన్నారుగా. వాళ్ళకి నేనెందుకు?"

జవాబు లేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడని ఎస్తేరుకు తెలుసు. అయినా గొంతు పెంచింది. "వాల్ట్జే! పట్టీ వెయ్యి."

మధ్యాహ్నం ఫ్యూగు పచ్చగా గడిచింది. టొకాటా ఇంకా పచ్చగా గడిచింది. "మూడోది?" అని భూమినుంచి ఒక పెద్దావిడ గొంతు అడిగింది. ప్రవల్లిక బుద్ధిగా చేతులు వాల్ట్జ్ మెట్ల మీద పెట్టింది. పొద్దున్న నవ్విన మొహం అది కాదు. తన ఆజ్ఞ ఆ మొహం మీద ఎంత చక్కగా పనిచేసిందో చూసి ఎస్తేరుకు భయం వేసింది.

ఆమె వంగి మీటను లాగేసింది. పిల్ల ముంజేతుల కడియాలు తానే ఊడదీసింది.

"మూడోది నాక్టర్న్ అండీ," అంది భూమితో.

ప్రవల్లిక నోరు తెరిచింది. తర్వాత ఆ నోరు చెవులదాకా సాగింది. అలా నవ్వుతూనే వాయించింది.

మాట భూమికి పోయి రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాలు దాటిపోయాయి. ప్రవల్లిక కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది. అంతలో అటువైపు ఎవరో పియానో మీద ఒక్క స్వరం మోగించారు. మళ్ళీ అదే. మళ్ళీ.

"ఇక్కడ స్వరం అలా నిలవట్లేదేంటి?" పెద్దావిడ విసుక్కుంటోంది. "అమ్మాయ్, మోత నిలవడానికి పెడల్ తొక్కుతున్నావా?"

"లేదండీ. కాళ్ళు మఠం వేసుకుని కూర్చున్నా."

మళ్ళీ ఎదురుచూపు. వెనక ఎవరో పకపకా నవ్వారు. గుసగుసలు.

"మా తూనిక అంకె ఇవ్వనంటోంది. దాంతో మాకేం పని, మా చెవులున్నాయి. సీటు నీకే ఇచ్చాంలే. అది కాదు, ముందు ఇంకోసారి వాయించు!"

ప్రవల్లిక ఇంకోసారి వాయించింది. చివరి స్వరం మీంచి వేలు తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అది దానంతటది సద్దుమణిగేదాకా వింది.

"బాగుంది," అంది ఎస్తేరు.

"అన్నది మీరా, అదా?"

ఎస్తేరు గోడవైపు తల తిప్పబోయి, మానేసింది.

"నేనేలేవే."