గోడ మీద తెనింగ్ అవ్వ

బడి గోడ పక్కన పల్లీల బుట్ట లేదు. అవ్వ కూర్చునే చిన్న బల్ల కూడా లేదు.

ఆటల గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చిన రమతా అక్కడే ఆగిపోయింది. నిన్నా లేదు, ఇవాళా లేదు.

రోజూ తెనింగ్ అవ్వ తనను చూడగానే మొదలుపెట్టేది. "వచ్చిందమ్మా సో వాళ్ళ పిల్ల! బుట్ట దాచండి, మొత్తం మింగేస్తుంది!"

"మీ ఫాయ్ వాళ్ళే తిండిపోతులు! కుండతో సహా తినేస్తారు!" అనేది రమతా.

మా డకార్‌లో ఫాయ్ ఇంటిపేరువాళ్ళూ సో ఇంటిపేరువాళ్ళూ ఎక్కడ ఎదురుపడినా ఇలాగే వెక్కిరించుకుంటారు. ఎవరికీ కోపం రాదు. వెక్కిరించకపోతేనే భయపడాలి.

గోడ మీద మాత్రం అవ్వ ఉంది, రెండు నిలువుల ఎత్తున. బిరాన్ మామయ్య నిచ్చెన ఎక్కి ఆమె చెవికి రంగు వేస్తున్నాడు. మెదీనా పేట గోడల నిండా ఆయన పేటవాళ్ళ ముఖాలే వేస్తాడు. ఈసారి చూసి గీయడానికి ఫొటో తీసే పని రమతాకు ఇచ్చాడు. "ఎవరిని తీసినా ముందు అడుగు" అని మరీ చెప్పాడు.

రమతా అడగలేదు. అడిగితే అవ్వ బిగుసుకుని కూర్చుంటుందనుకుంది. అవ్వ తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటుంటే, చాటు నుంచి ఫోన్ నొక్కేసింది. జుట్టు పీచులా లేచి ఉంది. భుజం దగ్గర బట్ట చిరిగి ఉంది. "అడిగావు కదా?" అని మామయ్య అంటే తల ఊపింది.

"మామయ్యా, అవ్వ ఎందుకు రావట్లేదు?"

"మొన్న సాయంత్రం వచ్చి గోడ చూసింది. చాలాసేపు చూసింది. బుట్టా బల్లా ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇక చేపల రేవు దగ్గర కూర్చుంటుందట."

అంటే ఇక రాదు.

"నేను అడగలేదు మామయ్యా."

కుంచె ఆగింది. మామయ్య నిచ్చెన దిగాడు. "మూడు రోజులు గీశానే!" అన్నాడు. కుంచె పక్కన పెట్టి మెల్లగా అన్నాడు. "నాకు కాదు, ఆమెకు చెప్పు."

బడి వదలగానే రమతా అవ్వ ఇంటికి వెళ్ళింది. అవ్వ వాకిట్లో పల్లీలు చెరుగుతోంది.

"సలాం అలైకుం, అవ్వా. శాంతిగా ఉన్నావా?"

"శాంతే."

"ఇంట్లో అందరూ?"

"శాంతే."

"నీ మోకాళ్ళు?"

"శాంతే."

అలవాటు ప్రకారం జవాబులన్నీ వచ్చాయి. వెక్కిరింత రాలేదు.

"అడగకుండా నీ ఫొటో తీశాను. మామయ్యకు అబద్ధం చెప్పాను. తప్పయింది, అవ్వా."

చేట ఆగింది. అవ్వ లోపలికి వెళ్ళింది. ఇక బయటికి రాదేమో అనుకుంది రమతా. కానీ వచ్చింది, చేతిలో ఒక పాత ఫొటోతో. అందులో ఇద్దరమ్మాయిలు. ఒకే బట్టతో కుట్టిన గౌన్లు, గోపురాల్లా కట్టిన తలగుడ్డలు.

"ఇది నేను. ఇది మా చెల్లెలు యాండే. ఫొటో అంటే మాకు పండగే. పక్కింటి నుంచి చెవిపోగులు తెచ్చుకుని పెట్టుకున్నాం. మర్నాడే అది పక్క దేశంలోని బమాకోకు రైలెక్కింది. మళ్ళీ చూడలేదు." అవ్వ ఫొటోను కొంగుతో తుడిచింది. "అటునుంచి వచ్చినవాళ్ళెవరైనా నీ గోడ చూస్తే, వెళ్ళి దానితో ఏం చెబుతారు? మీ అక్క ఉత్త తలతో, చిరుగు బట్టతో ఉందనా?"

రమతా కళ్ళు నిండాయి. "మళ్ళీ తియ్యనా? నీకెలా కావాలంటే అలా."

అవ్వ ఆమెను లోపలికి పిలిచి పెట్టె తెరిచింది. అడుగున ఫొటోలోని బట్టే ఉంది, నీలం మీద పసుపు పిట్టలు.

"ఈ కొస పట్టుకో. అబ్బా, అంత లాగకు! ఆవులు మేపే సో వాళ్ళకు తోకలు పట్టుకోవడం తప్ప తలగుడ్డల సంగతేం తెలుసు!"

రమతాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఫాయ్ వాళ్ళ తలకాయ ఇంతుంటే ఏ గుడ్డ చాలుతుంది!"

మామయ్య గోడకు మళ్ళీ సున్నం కొట్టాడు. ఈసారి ఇద్దరిని గీశాడు. ముసలి అక్క, పడుచు చెల్లెలు, ఒకే బట్టలో. ఆ గోడ కిందికే పల్లీల బుట్ట తిరిగి వచ్చింది.

మరుసటి వారం, చెప్పులు కుట్టే దెంబా తాత పళ్ళతో దారం పట్టుకుని నవ్వుతున్నాడు. ఎండ సరిగ్గా ఆయన ముఖం మీదే పడుతోంది. రమతా చేయి జేబులోకి వెళ్ళింది. ఫోన్ లేకుండా ఖాళీగానే బయటికి వచ్చింది.

ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది.

"సలాం అలైకుం, తాతా. శాంతిగా ఉన్నావా? ఇంట్లో అందరూ? నీ దగ్గు తగ్గిందా?"

అన్నీ అడిగేసరికి ఎండ పక్క గోడ మీదికి జరిగిపోయింది. అప్పుడు ఫొటో మాట ఎత్తింది.

"నా ఫొటోనా? ఉండు, ఉండు! కొత్త టోపీ తెచ్చుకోనీ!" తాత లేచి ఇంటికి ఉరికాడు.

ఆయన వచ్చేదాకా రమతా చెప్పులకు కాపలా కూర్చుంది.