గొంతు జీరబోకముందు

పైడితల్లి చెవులు ఖాళీ చేసుకుంటోంది. కొండ మీదికి తెచ్చిన తాడుబండి దిగి చాలాసేపయినా దాని ఇనుప రొద ఇంకా తలలోనే తిరుగుతోంది. పాత పాటలు దాచే నాదకోశంలో పనికి కూర్చునే ముందు ప్రతి సాక్షీ ఇలా చీకటి గదిలో వెల్లకిలా పడుకుని, బయట విన్నవన్నీ జారిపోయేదాకా ఊరికే ఉండాలి. ఊరికే ఉన్నందుకు జీతమా అని ఆమె తమ్ముడు ఎగతాళి చేస్తుంటాడు. ఊరికే ఉండటం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

రొద పోయింది. ఆ తరువాత తమ్ముడి మాటలూ పోయాయి. చివరికి ఆమె ఊపిరి ఒక్కటే మిగిలింది.

"సిద్ధమా?" అని గోడలోంచి నాదకోశం అడిగింది.

"సిద్ధం," అంది పైడితల్లి.

వినికిడి గదిలో బల్ల మీద ఒక గాజుపోగు పెట్టి ఉంది. సముద్రం మింగేసిన కింది పట్నంలో ఈతగాళ్లకు దొరికిందట. అందులో ఉన్నది కొమ్మూరి గిద్యోను మొట్టమొదటి ఆల్బం. అలాంటిది ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు.

గిద్యోను పేరు తెలియనివాళ్లు మాత్రం ఆ తీరంలో లేరు. ఎండ నడినెత్తికి రాగానే ఊరూవాడా తలుపులు బిగించుకుని పడుకుంటాయి. ఆ వేళకు ఎండనిద్ర అని పేరు. ఆ కాకలో కన్ను మూతపడటం అంత తేలిక కాదు కాబట్టి, ప్రతి ఇంటి గోడలోంచీ పాట వచ్చే ఊట తెరుచుకుని గిద్యోను ముద్ర పాడుతుంది. ఆయన పాటలన్నీ తాగి పెరిగిన యంత్రపు గొంతు అది. ఆయన పాడనివి కూడా ఆయనలాగే పాడుతుంది. చరణం చివర ఆ గొంతు జీరబోయే చోటు ఒకటుంటుంది. అక్కడికి వచ్చేసరికి పసిపిల్లలతో సహా అందరి ఒళ్లూ వదులైపోతుంది. పైడితల్లి కూడా ఆ జీరలోనే నిద్రపోతూ పెరిగింది.

ముద్రకు పొసగని పాత పాట ఎక్కడైనా దొరికితే దాన్ని సమం చేస్తారు. అంటే ముద్ర ఎలా పాడేదో అలా వంచి, అసలు పోగును కరిగించేస్తారు. దానికి ముందు సాక్షి ఆ పోగు మొత్తం విని, "ఆయనే" అని నోటితో చెప్పాలి. "కాదు" అన్నా కరిగిస్తారు. వినడం పూర్తయ్యేదాకా మాత్రం ఎవరూ దాన్ని ముట్టరాదు. అంతవరకూ ముద్ర కూడా నోరు మూసుకుని ఉంటుంది. పాడినవాళ్లు బతికి ఉంటే సాక్షి పక్కన కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ.

గిద్యోను కర్ర ఊతంతో లోపలికి వచ్చాడు. మనిషి బక్కగా ఉన్నాడు. మెడకు ఎర్ర రుమాలు కట్టుకున్నాడు. ఇప్పుడాయన మాటే పెదవి దాటడం కష్టం, పాట సంగతి చెప్పనక్కర్లేదు.

"నువ్వేనా అమ్మా సాక్షివి? ఇనడం ఎందుకులే. ఆయనే అనీసి ఒగ్గీ."

"ఇనకుండా ఎలగ చెప్తాను తాతా?"

"సిగ్గుగా ఉంటాదమ్మా. అప్పుటికి నాకు పాడ్డం రాదు."

పైడితల్లి నవ్వి పోగును వెలిగించింది.

మొదటి పాటలో గిటారు ఇంకా మొదలే కాలేదు, కుర్రాడు తొందరపడి అందుకున్నాడు. వెంటనే ఆగి నవ్వాడు. ఎవరో వెనక నుంచి, "కానీరా" అన్నారు. ఆ నవ్వునీ ఆ మాటనీ ఎవరూ తీసేయలేదు. మళ్లీ అందుకున్నాడు. ఆ గొంతులో జీర లేదు. అప్పుడే ఉతికి ఆరేసిన బట్టలా ఉంది. ప్రార్థన మందిరంలో పాడి పాడి అలవాటైన గొంతు, ప్రేమ పాటకు తగునో తగదో అని బెరుకుగా అడుగు వేస్తోంది.

తరువాతి పాటలో ఎవరో పెద్ద గాయకుణ్ని అనుకరించబోయాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు సగం దాకా అలాగే లాక్కొచ్చి, ఆ తరువాత అనుకరిస్తున్న సంగతే మరిచిపోయాడు. వెనక ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, ఒకావిడ ప్రతిసారీ కాస్త ఆలస్యంగా. మూడో పాటలో ఒక చోట గొంతు పైకి పోయింది. అక్కడ జీర వస్తుందని పైడితల్లి ఒళ్లు ముందే వదులైంది. రాలేదు. ఆ గొంతు పైనే కాసేపు తిరిగి, దారి తెలియని పిల్లవాడిలా ఇంకో మెట్టు మీదికి దిగింది. ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇన్నేళ్లుగా ఆయన పాట ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు తెలియదు. ఎక్కడికైనా పోవచ్చు.

"ఎంత బాగున్నాది తాతా!" అంది.

గిద్యోను తల దించుకునే ఉన్నాడు. "బాగుంటే జనం కొనుక్కునేవోరు కదేటి."

"మరి ఆ జీర ఎప్పుడొచ్చింది?"

"రెండో ఆల్బం పాడిన్నాడు జలుబు చేసింది." ఆయన కూడా నవ్వాడు, శబ్దం లేకుండా. "గొంతు పట్టీసింది. పాడే గది మళ్లీ దొరకదని అలగే పాడీసినాను. జనం ఏడిసీసినారు. జలుబు వారంలో పోయింది గానీ, జనం పోనివ్వలేదు. బతుకంతా ఆ జలుబే పాడినాను తల్లీ."

"మరి ఈ గొంతు?"

"అడిగినోళ్లు లేరు. అడగందాన్ని ఎన్నాళ్లని దాచుకుంటాం?"

పైడితల్లి పోగు కేసి చూసింది. ఒక్క పాటే మిగిలింది. అది వినేస్తే తను మాట చెప్పాలి. ఏ మాట చెప్పినా ఈ కుర్రాడు ఇక ఉండడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ఆమె వేలు పోగు మీద ఆగింది.

తలుపు తోసుకుని కూర్మారావు వచ్చాడు. నాదకోశానికి పెద్ద ఆయనే. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"పైడీ, ఇంకా అవలేదేటి? ఎండ ఎక్కిపోతంది. ముద్ర ఊరుకునుంది, ఊటలన్నీ మూగగా ఉన్నాయి."

"అవలేదండి. ఒకటుంది. ఇనను."

"ఇనవా?"

"ఇంటే కరిగించేస్తారు."

కూర్మారావు చెడ్డవాడు కాదు. కేకలు వేయలేదు. బల్ల పక్కన చతికిలబడ్డాడు. "చూడు తల్లీ. ముసలోళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. ఈ ఎండలో నిద్రలేపోతే ఏటవుతాదో నీకు తెలీదా? ఊటలు ఆగిపోయిన ఏడాది మా నాన్న అలగే పోయినాడు. పాట కోసం పేణాలు తియ్యొద్దు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. కింద రేకుల ఇంట్లో తన తల్లి ఈపాటికి చాప పరుచుకుని గోడకేసి చూస్తూ ఉంటుంది. ఈ కుర్రాడి కోసం ఆవిణ్ని మేలుకోబెట్టే హక్కు తనకెక్కడిది? ఆమె గిద్యోను వంక చూసింది. ఆయన చివరి పాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. అది చూశాకే ఆమెకు ఏం చేయాలో తోచింది.

చెయ్యి చాచి, చివరి పాటను ఊటలకు పోయే కాలువలోకి తిప్పింది.

"వినేది ఎవరు?" అని గోడ అడిగింది.

"అందరూ," అంది పైడితల్లి.

సాక్షి ఒక్కరే ఉండాలని నాదకోశానికి ఎవరూ నేర్పలేదు. ఇలాంటి పని ఎవరైనా చేస్తారని ఎవరికీ తట్టలేదు మరి. అది కాసేపు తడబడి, ఊటలన్నీ తెరిచింది. కూర్మారావు లేవబోయి, పాట మొదలవడంతో మళ్లీ కూర్చుండిపోయాడు.

చివరి పాట కొండ దిగి ఇళ్లలోకి పోయింది. చాపల మీద జనం మొదట లేచి కూర్చున్నారు. ఎవడీ కుర్రాడు అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జీర కోసం చాలాసేపు ఎదురుచూశారు. అది రాకపోయేసరికి ఎదురుచూడటం మానేశారు. గొంతు ఎటు పోతే అటు వెనకే పోయారు. అలా పోతూ పోతూ ఒక్కొక్కరే వాలిపోయారు. పైడితల్లి ఇదంతా గోడ మీద చూస్తోంది. నిద్రపోయిన ఇల్లల్లా అక్కడ నీలంగా మారుతోంది. తల్లి ఉన్న రేకుల ఇల్లు కూడా నీలంగా మారింది.

కూర్మారావు తల గోడకు ఆనించి గురక మొదలుపెట్టాడు.

గిద్యోను ఎండనిద్ర పోయి ఎన్ని ఏళ్లయిందో. తన గొంతే జోలపాడుతుంటే ఎవరికి మాత్రం నిద్రొస్తుంది? ఆయన రోజూ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. ఇప్పుడాయన కళ్లు బరువెక్కుతున్నాయి.

"ఆ కుర్రోడు... తప్పు పాడతన్నాడు," అని గొణిగాడు. మళ్లీ, "పోనీలే, పాడనీ," అన్నాడు. గడ్డం ఎర్ర రుమాలు మీదికి వాలింది.

పాట ముగిసింది. నాదకోశం పద్ధతి ప్రకారం విన్నవాళ్లందరినీ అడగాలి. తీరమంతా ప్రతి గోడలోంచీ మెల్లగా అడిగింది.

"ఆయనేనా?"

ఎవరూ పలకలేదు. చివరిదాకా విన్నవాళ్లు ఒక్క ఇంట్లోనూ లేరు. మాట రానిదే వినికిడి పూర్తయినట్టు కాదు, పూర్తి కానిదే పోగును ముట్టరాదు. గోడ ఇంకాసేపు ఎదురుచూసి, మెలకువగా ఉన్న ఒకే ఒక్క మనిషిని అడిగింది.

"ఆయనేనా?"

పైడితల్లి పోగును మళ్లీ మొదటి పాటకు తిప్పింది.

"ఇంకా ఇంటన్నాం," అంది.