ఆరున్నర కిలోలు

అడవిలోని అన్నలూ, పోలీసులూ మా ఊళ్లో వంతులవారీగా తిరిగే రోజులవి. చీకటి పడితే ఎవరూ తలుపు తీసేవారు కాదు. అలాంటప్పుడు కోనరావుపేట దగ్గరున్న మా పల్లెకు జర్మనీ నుంచి ఉర్సులా సిస్టరమ్మ వచ్చింది. జీతం లేకుండా పల్లె పిల్లలకు వైద్యం చేస్తానని. పదో తరగతి చదివానన్న పొగరుతో నేనూ ఆమె వెంట తిరిగేదాన్ని. వచ్చీరాని ఆమె తెలుగును ఊరికి విడమరిచి చెప్పడం నా పని.

ఆ రోజు బడిలో పసిపిల్లలను తూకం వేస్తున్నాం. దూలానికి ముల్లున్న కాటా, దాని కింద గుడ్డ జోలె. తల్లులెవరూ ముందుకు రాలేదు.

"పసిపోరగాండ్లను తూకమెయ్యద్దే భూదేవీ," అంది మంత్రసాని చంద్రవ్వ. "బరువు తెలిసినంక అడిగేటోళ్లు అస్తరు."

"అడిగితె ఇస్తమా ఏందవ్వా!"

నవ్వేసి, అందరికీ ధైర్యం రావాలని నా ఎనిమిది నెలల స్వరూపనే ముందు జోలెలో వేశాను. ఆరున్నర కిలోలు. ఊరంతా వినేలా చదివాను, నా నోట్లో మన్నుబడ.

ఆ తర్వాత తల్లులు వరస కట్టారు. పొద్దు గూకేసరికి అందరూ ఇళ్లకు పోయారు. స్వరూప గోనెసంచి మీద నిద్రపోతోంది. కందిలి వెలిగించి సామాను సర్దుతుంటే గుమ్మంలో ఒక ఆడమనిషి కనబడింది. ముఖం మీదికి కొంగు లాక్కుంది. చేతుల్లో పిల్ల. తడిమట్టి వాసన... నడి ఎండాకాలంలో.

"నా పిల్లను గూడ జూడున్రి."

సిస్టరమ్మ ఆ పిల్లను జోలెలో వేసింది. ముల్లు కదల్లేదు.

కాటాను తట్టింది. తన సంచి తగిలించింది. ముల్లు రెండు కిలోలు చూపించింది. పిల్లను మళ్లీ వేసింది. జోలె గుడ్డ సాగను కూడా లేదు... గాలికి ఊగుతోంది.

"నీ పిల్ల ఎంతున్నది?"

గుసగుస నా చెవి పక్కనే. గుమ్మంలో ఉన్న మనిషి ఎప్పుడు నా దగ్గరికొచ్చిందో తెలియదు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

"ఆరున్నర."

అంతలో జీపు చప్పుడు. దీపం కనబడితే ఎవరో ఏమోనని కాల్చేస్తారు. సిస్టరమ్మ కందిలి ఆర్పేసింది. చీకట్లో గోనెసంచి మీద తడిమి, పిల్లను గుండెకు హత్తుకున్నాను. జీపు దాటిపోయింది. మళ్లీ దీపం వెలిగించాం. ఆమె లేదు. జోలె ఖాళీ.

ఇంటిదాకా ఒకటే పరుగు, చేతుల్లో పిల్ల బరువే తెలియలేదు. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే నా మొగుడు రాజేశం అప్పుడే వచ్చాడు. గడియ పెట్టి తలుపుకు రోకలి అడ్డం వేశాడు. పాలు పట్టబోతే పిల్ల నోరు తిప్పుకుంది. ముఖం స్వరూపదే. చెంప మీద పుట్టుమచ్చా ఉంది. ఎన్నిసార్లు చూసుకున్నానో.

అప్పుడు... బయట ఏడుపు.

ఆకలేడుపు. ఎక్కిళ్లతో, ఆగి ఆగి... గడపకు అవతలే.

పిల్లను సంకన వేసుకునే లేచాను. రాజేశం నా చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చిలేసిందా? తలుపు తీస్తె కాలుస్తరు," అన్నాడు గొంతు తగ్గించి. "మన పిల్ల నీ సంకలనే ఉన్నది గదనే!"

నిజమే. సంకలోనే ఉంది. కళ్లు మూసుకుని, చప్పుడు చేయకుండా.

ఏడుపు మెల్లగా వాగు దిక్కు పోతోంది. దూరమవుతోంది... ఇంకా దూరం...

పాలు చేపుకొచ్చి నా రవిక ముందంతా తడిసిపోయింది.