జక్కయ్య మడుగులో కాళ్ళు పట్టేది

జక్కయ్య మడుగు పేరెత్తితే చాలు, కంకిపాడు బస్సులో కూడా మాటలు ఆగిపోయేవి. విజయవాడ బ్యారేజీకి దిగువన, కృష్ణ ఒడ్డున ఉందది. దిగినవాడి కాళ్ళు పట్టుకుని లోపలికి లాగేస్తుందట...

ఒకప్పుడు ఆదివారమొస్తే వన్ టౌన్ జనం పులిహోర పొట్లాలతో అక్కడే వాలేవాళ్ళు. ఎంగిలాకులు నీళ్ళలోకి, ఇసుక లారీల్లోకి, మందుగుండు చేపల నెత్తిన. ఒడ్డున జమ్ముగడ్డి పోయింది, కొంగలు పోయాయి, చేపా పోయింది. అప్పుడు ప్రభుత్వానికి జాలి పుట్టి, మడుగుని బతికించమని వెంకటకృష్ణారావు అనే ఆఫీసర్ని వేసింది.

ఆయన మహా చురుకైన మనిషి. వెంటనే ఒక బోర్డు పాతించాడు. కాళ్ళు లాగే దెయ్యం సంగతి చెవిన పడ్డాక మాత్రం అటు తొంగి చూడలేదు. రెండేళ్ళపాటు ఫ్యాను కింద కూర్చునే, "జమ్ము దట్టముగా పెరిగినది, చేపలు సమృద్ధి" అని రిపోర్టులు రాశాడు.

డెబ్బై ఆరు మాఘమాసంలో టెలిగ్రాం వచ్చింది — రేపు పొద్దున్నే డైరెక్టరు గారు మడుగు చూడ్డానికొస్తున్నారని.

ఇక ఉద్యోగం ఊడినట్టే. ఎక్కణ్ణుంచైనా నాలుగు జమ్ము దుబ్బులు తెచ్చి గుచ్చి పరువు నిలుపుకుందామని, ఆ రాత్రే ఆంజనేయ దండకం గొణుక్కుంటూ బయల్దేరాడు.

మడుగు చేరాడు... కళ్ళజోడు తుడుచుకుని టార్చి వేశాడు.

జమ్ము! నిలువెత్తు జమ్ము! ఎక్కడో చేప ఎగిరిపడింది. తను రాసిన అబద్ధమంతా అక్షరాలా ఎదురుగా నిలబడి ఉంది. ఆనందం పట్టలేక నీళ్ళలోకి ఒక అడుగు వేశాడు —

ఏదో కాలు పట్టేసింది.

గుంజాడు... ఇంకా బిగిసింది. టార్చి నీళ్ళలో పడింది. జమ్ములోంచి తెల్లటి ఆకారమొకటి, తడి జుట్టుతో, మెల్లగా దగ్గరికొచ్చింది.

"కదలమాకండి బాబుగారూ," అంది గుసగుసగా. "ముల్లు ఇంకా లోపలికి దిగుద్ది."

ఆ గొంతు ఆయనకి తెలుసు. వాళ్ళింటికి చేపలు తెచ్చే అంకాలమ్మ! వంగి, ఆయన పంట్లాన్ని నీళ్ళలోని తుమ్మకంపలోంచి విడదీసింది.

"చేప గుడ్లు పెట్టే చోట ఎవరూ వల లాక్కుండా కంపలేయటం మా తాతల నాటి పద్ధతండీ. మా ఆయనా నేనూ రాత్రిళ్ళొచ్చి వేశాం, జమ్మూ నాటాం. ఈ మడుగు చస్తే మా పేటలో పొయ్యి వెలగదు."

"మరి... దెయ్యం?"

"కంప తొక్కినోళ్ళే పుట్టించారు. నేను తెల్లచీర కట్టుకుని కాస్త సాయం చేశా. మీ బోర్డునైతే ఇసకోళ్ళు పొయ్యిలో పెట్టుకున్నారండీ. దెయ్యాన్ని పెట్టలేరుగా!"

వెంకటకృష్ణారావుకి సిగ్గేసింది. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం అంతకంటే ఎక్కువేసింది.

తెల్లారి డైరెక్టరు గారు మురిసిపోయి ఆయన భుజం తట్టారు. "అద్భుతమయ్యా! వచ్చే పున్నమికి ఇక్కడ వెన్నెల భోజనాలు పెట్టించు. దెయ్యం లేదని పేపర్లో వేయించు, జనం విరగబడి రావాలి. ఏడాదికి మళ్ళీ వస్తా, మడుగు ఇలాగే ఉండాలి. లేకపోతే నువ్వుండవు!"

గట్టు మీద చేపల తట్టతో నిలబడి అంకాలమ్మ ఆయన వంకే చూస్తోంది. 

పేపర్లో పడింది. పున్నమికి జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, విస్తళ్ళు విప్పకుండానే, చెప్పులు వదిలేసి పరుగెత్తారు.

ఆనాటి నుంచీ జక్కయ్య మడుగులో రెండు దెయ్యాలున్నాయని చెప్పుకుంటారు. రెండోదానికి చీర కట్టుకోవడం సరిగా రాదట... కళ్ళజోడు మాత్రం ఉందట.